అక్క పికప్, మూడో గేరు

ఆయన్ని అందరూ గేర్ల మేస్త్రి అనేవారు. ఇంజిన్లు, బ్రేకులు చూసే మెకానిక్‌లు ఆ వీధిలో చాలామందే ఉన్నా, గేర్‌బాక్స్ విప్పాలంటే మాత్రం బండి ఆయన షెడ్డుకే వచ్చేది. బండి ఇంకా మలుపు తిరుగుతుండగానే, బల్ల మీద టీ తాగుతూ, "దానికి రెండో గేరు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే. కళ్లకంటే చెవులతోనే ఎక్కువ చూసేవాడు.

ఆ చెవులే ఆయనకు అన్యాయం చేశాయి. ముందు కుడి చెవి మందగించింది. ఓ విషజ్వరం తర్వాత అది పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ చెవికి మిషన్ పెట్టించారు. ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే మాట తెలుస్తుంది గానీ, ఇంజిన్ దగ్గరకు వెళ్తే చప్పుళ్లన్నీ కలిసి ఒకటే హోరు. ఆ సంగతి ఆయన బయటికి పొక్కనివ్వలేదు. అప్పుడే ఒకాయన వ్యాను తెచ్చి, "ఏదో మూలుగుతోంది మేస్త్రీ, చూడండి" అన్నాడు. నడిపి చూసి, "నిక్షేపంగా ఉంది, వెళ్లిరండి" అని పంపేశాడు. వారం తిరక్కుండానే గేర్‌బాక్స్‌లో బేరింగ్ ముక్కలైంది. పిల్లాపాపలతో ఆ కుటుంబం రోడ్డు పక్కన వానలో తడుస్తూ నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ వ్యాను ఆసామి పల్లెత్తు మాట కూడా అనలేదు. మేస్త్రి దాన్ని ఊరికే బాగుచేసి ఇచ్చి, షెడ్డు షట్టరు దించేశాడు.

దాదాపు ఏడాది అది పైకి లేవలేదు. చేతులు ఖాళీగా ఉండలేక ఇంట్లో తాళాలన్నీ విప్పి బిగించాడు. భార్య కుట్టుమిషన్‌ను ఊడదీసి మళ్లీ కూర్చాడు. బాగానే పనిచేస్తున్న మిషన్ అది. ఆవిడ ఓ రోజు ఆడపడుచుకు ఫోన్ చేసింది. "మీ తమ్ముణ్ణి ఎలాగైనా ఇంట్లోంచి కదిలించండి వదినా. ఈసారి మిక్సీ వంక చూస్తున్నారు."

మేస్త్రి అక్కకు అప్పటికే ఓ తలనొప్పి ఉంది. ఆవిడ ఊరి చివర మొక్కల నర్సరీ నడుపుతుంది. కుండీలు, మొక్కలు, ఎరువు బస్తాలు పికప్‌లో వేసుకుని ఇళ్లకు తనే తోలుకెళ్తుంది. బండి పాతది. రంగు వెలిసి వెలిసి, అసలు రంగేదో ఆవిడకే గుర్తులేదు. ఇంజిన్ మాత్రం గట్టిది. కొన్ని నెలలుగా గేర్‌బాక్స్ కింద ఆయిల్ కారుతోంది. పొద్దున పూట గేరు మార్చాలంటే మనిషి బలమంతా కావాలి. మూడో గేరైతే అరిచి గోల చేసిగానీ పడదు. ఇంకో షెడ్డులో ఆయిల్ సీల్ మార్పించింది. కారింది. మళ్లీ మార్పించింది. మళ్లీ కారింది. చివరికి అక్కడి మెకానిక్, "గేర్‌బాక్సే మార్చాలమ్మా, లేదంటే తుక్కు కింద ఇచ్చేయండి" అన్నాడు.

ఆ మాటతో ఒళ్లు మండి, అక్క బండిని తిన్నగా తమ్ముడి ఇంటిని ఆనుకున్న షెడ్డు ముందు ఆపింది.

"షట్టరు తియ్యరా."

"నాకు వినపడదక్కా. పని చేసేవాడి దగ్గరికి తీసుకెళ్లు."

అక్క ఆయన ఎడమ పక్కకు వచ్చి, మొహం ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "నా చెవులు లక్షణంగా ఉన్నాయి. చప్పుడు నేను వింటా. అదేంటో నువ్వు చెప్పు."

"చప్పుడంటే ఒకటా? అందులో వంద రకాలుంటాయి."

"నీ పెళ్లాం గొణుగుడులోనూ వంద రకాలున్నాయి. అవన్నీ పోల్చుకోవట్లేదా?"

"నేనెప్పుడు గొణిగాను వదినా!" అంది భార్య. మేస్త్రికి ఆ మాట అందలేదు గానీ, ఆవిడ మూతి తిప్పిన తీరు చూసి నవ్వాగలేదు. లేచి వెళ్లి తాళంచెవి తెచ్చాడు.

విప్పే ముందు నడిపి చూడాలన్నాడు. అక్క స్టీరింగ్ పట్టుకుంది. ఆయన పక్క సీట్లో కూర్చుని గేరు రాడ్డు కింద అరచెయ్యి ఆనించాడు.

"న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీంచి కాలు తియ్యి. మూలుగేమైనా ఉందా?"

"లేదు."

"సరిగ్గా విను."

"విన్నాను. లేదు."

"ఇంకోసారి నొక్కి వదులు."

ఎందుకడుగుతున్నాడో అక్కకు అర్థమైంది. ఆ వ్యాను సంగతి ఆవిడకు తెలుసు. విసుక్కోకుండా మళ్లీ నొక్కి వదిలి, తల వంచి విని, "లేదురా. ఒట్టు" అంది.

"అయితే బేరింగ్‌కి ఢోకా లేదు." ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. "ఇప్పుడు పద. మూడో గేరు వెయ్యి."

గేరు పెద్దగా అరిచింది. ఆ అదురు ఆయన అరచేతికి తెలిసింది.

"ఎలా ఉంది? గరగరా, కరకరా, కీచుమనా?"

"ఒరేయ్, నేను మొక్కలమ్ముకునేదాన్ని. గచ్చు మీద ఖాళీ రేకు డబ్బా ఈడ్చినట్టుంది, చాలా?"

"గేరు పడ్డాక?"

"పడ్డాక నోరు మూసుకుంది."

"అదీ చెప్పాల్సిన మాట," అన్నాడాయన. పడేటప్పుడే గోల, పడ్డాక లేదంటే గేరు పళ్లు బాగానే ఉన్నట్టు. షెడ్డుకు వచ్చి, బండి కిందికి దూరి, పాత ఆయిల్ పళ్లెంలోకి దించాడు. రెండు వేళ్ల మధ్య రుద్ది మొహం చిట్లించాడు. వెలుగులో పెడితే అందులో పసుపుపచ్చని పొడి తళుక్కుమంది.

"చూడు, ఇత్తడి పొడి. గేరు పడేముందు లోపల తిరిగేవాటి వేగాన్ని సమానం చేసే ఇత్తడి రింగొకటి ఉంటుంది. మూడో గేరుది అరిగిపోయింది. కారడం తగ్గుతుందని ఎవరో జిగురులాంటి ఆయిల్ పోశారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అది కదలదు. నువ్వేమో బలంగా తోస్తావు."

"తొయ్యకపోతే బండి కదలదుగా మరి!"

గేర్‌బాక్స్ దించడానికి ముగ్గురూ చెయ్యి వేశారు. భార్య లైటు పట్టుకుంది. ఊడదీసిన బోల్టులను ఏ వరసలోవి ఆ వరసలో గుడ్డ మీద పేర్చిందీ ఆవిడే. మేస్త్రి చేతులు మొదట్లో కాస్త తడబడ్డాయి. కవరు ఊడి, లోపలి చక్రాలు కళ్లబడగానే ఆయనకు తిండి ధ్యాస కూడా పోయింది. కొత్త రింగు, కొత్త సీల్, ఆ బండికి తగిన పల్చని ఆయిల్ వేసి అన్నీ బిగించాక అక్క బండిని వీధిలోకి తీసింది.

"మూడో గేరు వెయ్యవేం?" అన్నాడాయన.

"ఎప్పుడో వేశాను!"

ఆ రోజు ఇంట్లో మేస్త్రి గొంతు పెద్దగా వినిపించింది. ఆ ఏడాదంతా కలిపినా అంత మాట్లాడలేదని భార్య అంది.

కానీ కొద్దిరోజులకే అక్క తిరిగొచ్చింది. బండి కిందికి వేలు చూపించింది. నేల మీద నల్లటి మరక, పైనుంచి ఇంకో చుక్క.

మేస్త్రి మొహం మాడిపోయింది. "చెవులతోపాటు చేతులూ పోయాయన్నమాట" అని షట్టరు వైపు నడిచాడు.

అక్క చొక్కా పట్టుకుని ఆపింది. "గేరు పువ్వులా పడుతోంది. అది నీ చేతులు చేసిందే కదా? కారుతున్నది ఆయిల్ ఒక్కటే. దాని సంగతి చూడు."

ఆయన వెనక్కి వచ్చి, మరక పక్కన కూర్చుని, వేలితో తాకి చూశాడు. తర్వాత, "ఎప్పుడు కారింది?" అన్నాడు.

"కొండ మీద ఇళ్లకు కుండీలు మోసుకెళ్లిన రోజు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ చుక్క లేదు."

"ఇంతకుముందూ అంతేనా?"

అక్క ఆలోచించింది. "అంతే. కొండెక్కినప్పుడే."

"మరి ఆ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవడడిగాడు?"

మేస్త్రి గబగబా బానెట్ ఎత్తాడు. కొండెక్కేటప్పుడు గేర్‌బాక్స్ వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, అది బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది అని చెబుతూనే, గేర్‌బాక్స్ నెత్తి మీంచి పైకి వచ్చే ఆ గొట్టాన్ని వేళ్లతో తడుముకుంటూ చివరిదాకా వెళ్లాడు. కొస రాయిలా గట్టిగా తగిలింది. తీగతో పొడిస్తే ఎండిన మట్టి పొడిపొడిగా రాలింది.

"గాలికి దారి లేక, సీల్ పక్కనుంచి ఆయిల్‌ని తోసేస్తోంది. ఎన్ని సీళ్లు మారిస్తే ఏం లాభం?"

అక్క ఆ మట్టిని అరచేతిలోకి తీసుకుని గుర్తుపట్టింది. "మట్టి గూళ్లు కట్టే కందిరీగల పనిరా ఇది! నర్సరీ నిండా అవే. నా బండిలోనే కాపురం పెట్టాయా!"

గొట్టం శుభ్రం చేసి, నోటితో ఊది, కొసకు సన్నటి వలముక్క చుట్టాడు. ఎందుకైనా మంచిదని సీల్ కూడా మార్చాడు. మర్నాడు బండి నిండా కుండీలు ఎక్కించుకుని ఇద్దరూ కొండెక్కారు. పైన బండి ఆగగానే మేస్త్రి అట్టముక్క పరుచుకుని కిందికి దూరి, తెల్లగుడ్డతో గేర్‌బాక్స్ చుట్టూ తుడిచాడు. ఎంతకీ బయటికి రాడు.

అక్క వంగి చూసింది. "అక్కడే నిద్రపోయావా?"

ఆయన గుడ్డ బయటికి చాపాడు. దాని మీద దుమ్ము తప్ప తడి లేదు. కుండీలన్నీ దించే దాకా ఆగి, మళ్లీ ఒకసారి తుడిచి చూశాడు. అప్పుడూ అంతే.

దిగేటప్పుడు, "నేను తోలనా?" అని అడిగాడు. షట్టరు దించాక ఆయన స్టీరింగ్ ముట్టుకోలేదు. అక్క తాళంచెవి ఇచ్చి, "అద్దంలో చూస్తూ ఉండు, వెనక ఎవరైనా హారన్ కొడితే నేను చెప్తా" అంది. మూడో గేరులో బండి నిదానంగా దిగింది. మధ్యలో ఆయన కళ్లు తుడుచుకోవడం అక్క చూసింది. ఎండ పడుతోందేమోనని ముందు అద్దం పైనున్న ఎండతెర కిందికి లాగింది.

ఇప్పుడు షెడ్డు తెరిచే ఉంటుంది. మేస్త్రి చెవి బాగుపడలేదు, పడదని డాక్టరూ చెప్పాడు. వచ్చినవాళ్లకు ముందే చెబుతాడు: "నాకు సరిగా వినపడదు. మీరు నాతోపాటు బండిలో కూర్చుని, చప్పుడు ఎలా ఉందో చెప్పాలి. ఎప్పుడొస్తోందో కూడా చెప్పాలి." కొందరు వెనక్కి పోతారు. చాలామంది ఉంటారు. చెప్పడానికి మాటలు చాలక నోటితో చేసి చూపిస్తారు. మొన్న ఇస్త్రీ చొక్కా నలగకుండా వచ్చిన ఓ కాలేజీ మేష్టారు వీధి మధ్యలో నిలబడి, బుగ్గలు పూరించి, తన కారు నాలుగో గేరులో ఎలా మూలుగుతోందో చేసి చూపించాడు. మేస్త్రి ఆయన మొహంలోకి శ్రద్ధగా చూసి, "ఇంకోసారి చెయ్యండి, కొంచెం సాగదీసి" అన్నాడు. భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి పరుగెత్తింది. మేష్టారు ఏమీ అనుకోకుండా ఊపిరి బిగబట్టి మళ్లీ మొదలుపెట్టాడు. మేస్త్రి తల ఊపి, చొక్కా చేతులు మడిచి, కారు కిందికి దూరాడు.