నా ముక్కుకు వచ్చిన ఆమె వాసన

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా వచ్చి ఫలానా చోట తప్పు వస్తోందంటే "మళ్లీ చేసి చూపించు" అంటాను. చూపించలేకపోతే అది జరగనట్టే లెక్క. దెయ్యాల విషయంలోనూ నాది ఇదే పద్ధతి. హాస్టల్లో తోటి అమ్మాయిలు పై అంతస్తు బాత్రూం గురించి కథలు చెప్పుకుని వణుకుతుంటే, నేను బకెట్ పట్టుకుని అక్కడికే వెళ్లి స్నానం చేసి వచ్చేదాన్ని. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇక మీద రాసేది ఎవరో చెప్పగా విన్నది కాదు. మా ఇంట్లో, నాకే జరిగింది.

మాది అనంతపురం. మా ఆయనది ప్రొద్దుటూరు. నాతో ఆయనకు రెండో పెళ్లి. మొదటి భార్య లత, పాపకు ఏడాది నిండకముందే జ్వరంతో పోయింది. పాప పేరు నిత్య, ఇప్పుడు ఐదేళ్లు. ఉద్యోగాల కోసం సిటీకి వచ్చి మేము, పాప, మా అత్తగారు నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్లో ఉంటాం. ఆయన ఆఫీసు దగ్గర్లోనే, ఇక్కడి రాయదుర్గంలో. నేను వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని చేస్తాను.

చచ్చిపోయినామె మీద అసూయేమిటని మీరు అడగొచ్చు. బతికున్న మనిషైతే ఎప్పుడో ఒకరోజు కూర మాడ్చేది, పిల్ల మీద అరిచేది, నా కడుపు చల్లబడేది. లత ఏ తప్పూ చేయదు. నేను పప్పు చేస్తే మా అత్తగారికి లత పెట్టే పోపు గుర్తొస్తుంది. మా వైపు కొన్ని ఇళ్లలో రెండో భార్య మెడలో మొదటి భార్య పేరున చిన్న బంగారు బిళ్ళ వేస్తారు. అది నా తాళి పక్కనే వేలాడుతూ ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను కోసేది పాప పిలుపు. ఫొటో చూపించి 'అమ్మ' అనడం నేర్పారు దానికి. నన్ను పిన్నీ అంటుంది. జడలు వేసేది నేను, అన్నం తినిపించేది నేను, రాత్రి దుప్పటి కప్పేది నేను. అమ్మ మాత్రం గోడ మీద ఉంది. ఆ ఒక్క పిలుపు కోసం నాకెంత ఆశగా ఉండేదో మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఇలా ఉండగా నాకు వైరల్ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ వాసన పోయింది. పాలు మాడినా తెలియదు, అగరుబత్తి ముక్కు కింద పెట్టినా తెలియదు. దగ్గర్లో ఉన్న చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముక్కులోకి సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూసింది. లోపల కండ పెరిగినా, జలుబుతో పూడుకుపోయినా వాసన రాదట. నాకు అలాంటి అడ్డమేమీ లేదు. వాసన పట్టే నరాలే జ్వరానికి దెబ్బతిన్నాయంది.

"ఫికర్ చేయకమ్మా, చానామందికి గిట్లనే అయితది. మెల్లగ వస్తది. కానీ ముక్కుకు రోజూ పని చెప్పాలె" అంది.

ఆ పని ఏమిటంటే, లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి వాసనలు చిన్న సీసాల్లో పెట్టుకుని పొద్దునా సాయంత్రం ఒక్కొక్కటే పీల్చాలి. పీల్చేటప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలి. తెల్లకాగితం చూసి చదువుతున్నట్టే ఉండేది నాకు. అయినా మానలేదు.

ఒకరోజు లవంగాల సీసా పీలుస్తుంటే ఏదో తగిలింది. లవంగం కాదు. జిడ్డుగా, కొంచెం ఘాటుగా, పచ్చి ఆకు సెగకు కమిలినట్టు ఉంది. అలాంటి వాసన నేను ఎప్పుడూ ఎరగను. సీసా మూత పెట్టినా కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. డాక్టరమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. నరాలు కోలుకునేటప్పుడు లేని వాసన ఉన్నట్టు తెలుస్తుందట. ఎక్కువమందికి కాలిన వాసనో కుళ్లిన వాసనో వస్తుందట. నీది నయమే అని నవ్వింది.

నేనూ నవ్వుకుంటూ ఇంటికొచ్చి మా అత్తగారికి ఆ వాసన ఎలా ఉందో చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది. చేతులు ఆగిపోయాయి.

"అది లత చేసే వైద్యం. బిడ్డకు జలుబు చేస్తే తమలపాకుకు ఆముదం రాసి, వాము నలిపి చల్లి, దీపం మీద ఎచ్చజేసి ఎదమీద ఏసేది. నువ్వెప్పుడు చూసినావు?"

నేను చూడలేదు. మా అమ్మ నర్సు. మా ఇంట్లో జలుబుకు ఆవిరి, జ్వరానికి మాత్ర, అంతే. మా అత్తగారు కూడా లత పోయినాక ఆ ఆకు ముట్టుకోలేదట, ఏడుపొస్తుందని. ఇంట్లో ఆముదం సీసానే లేదు.

మీరైతే భయపడేవారేమో. నాకు ఒళ్లు మండింది. పాప జుట్టు వాసన రాదు, మా ఆయన చొక్కా వాసన రాదు, ఆమె వెచ్చజేసిన ఆకు వాసన మాత్రం వస్తుందా నా ముక్కుకు? మెడలో చోటిచ్చింది చాలదా అని ఫొటో ముందు నిలబడి అడిగాను కూడా. ఆ తర్వాత కూడా అడపాదడపా వచ్చేది. వచ్చినప్పుడల్లా వంటింట్లో నా చేతిలో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేవి.

ఒకరోజు మధ్యాహ్నం మా అత్తగారు మియాపూర్‌లో బంధువుల గృహప్రవేశానికి వెళ్లింది. స్కూలుకు సెలవు. ముందురోజు సాయంత్రం పాప కింద ఫ్లాట్‌లో ఎవరిదో పుట్టినరోజుకు వెళ్లి, అక్కడిచ్చిన లైటు వెలిగే ప్లాస్టిక్ ఉంగరం తెచ్చుకుంది. పొద్దున దానితోనే ఆడుకుంది. తర్వాత ముక్కు కారడం చూసి జలుబనుకున్నాను. నాకు మళ్లీ ఆఫీసు మీటింగ్ ఉంది, ఈలోపు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి పడుకోబెడదామని సీసా మూత తీశాను.

అప్పుడు వచ్చింది ఆ వాసన. అంతకుముందెప్పుడూ అంత గట్టిగా రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్తగారు నాకు తెలియకుండా పాపకు ఆ ఆకు వేసి వెళ్లిందేమో అన్న అనుమానంతో గౌను గుండీలు విప్పి చూశాను. ఏమీ లేదు. కోపంతోనే, ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలని పాప మెడ, బుగ్గలు, నెత్తి అన్నీ వాసన చూశాను. ఎక్కడా లేదు. కుడి ముక్కు దగ్గర మాత్రం గుప్పుమంది. ఎడమ ముక్కు దగ్గర ఏమీ లేదు. మళ్లీ కుడి దగ్గర నా ముక్కు పెట్టాను, మళ్లీ గుప్పుమంది.

ఫోన్ లైటు వేసి చూశాను. కారుతున్నది కుడి ముక్కు ఒక్కటే. చీమిడి నల్లగా ఉంది. లోపల ఏదో తళుక్కుమంది. మంచం మీద ఉంగరం పడి ఉంది, వెనక మూత లేదు, లోపల ఉండాల్సిన బటన్ బ్యాటరీ లేదు.

చుక్కల సీసా అక్కడే పడేసి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పాపను ఎత్తుకుని ఆటో ఎక్కాను.

డాక్టరమ్మ వెంటనే లోపలికి తీసుకెళ్లి బ్యాటరీ బయటికి తీసింది. ముక్కు లోపలి గోడ కాలడం మొదలైందట గానీ చిల్లు పడలేదు. చుక్కలు వేయబోయి ఆగానని చెప్పాను.

"ఒక్క పక్కనే కారితే జలుబు అనుకోవద్దమ్మా, పిల్లలు ఏదో ఒకటి దూర్చుకుంటరు. గింజో స్పాంజో అయితే రోజులు గడిచి కంపు కొడితే తెలుస్తది. బ్యాటరీ అట్ల ఆగదు, గంటల్లోనే కాల్చేస్తది. నీళ్లు, చుక్కలు తగిలితే ఇంకా జల్ది. మంచిగ చేసినవ్, వెయ్యలేదు. ఇంతకూ నీకు ఎట్ల తెలిసింది?"

పాప అప్పటికే బయట ఆయా దగ్గర ఉంది. వాసన వచ్చిందని చెప్పాను. ఆవిడ నా వైపు చూసి, ఇంత తొందరగా దీనికి వాసనేమీ ఉండదు, మంచి ముక్కుకే తెలియదు అంది.

సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మంట పుడితే నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అమ్మకు చెప్పినా. పిన్నికి నేను చెప్తాలే అనింది" అంది.

మా ఆయన మొహం తిప్పుకున్నాడు. అత్తగారు లేచి ఫొటో దగ్గర దీపం పెట్టింది. లత వచ్చి బిడ్డను కాపాడుకుందని ఆ వారమంతా ఫోన్లలో చెప్పింది. కానీ ఆ పొద్దున నేను పక్క గదిలోనే ఉన్నాను. పిల్లకు నొప్పి వస్తే పక్క గదిలో ఉన్న నన్ను వదిలి ఆమెకు చెప్పుకుంది. కృతజ్ఞత చూపాల్సిన చోట కూడా నాకు కుళ్లే పుట్టింది. ఆ రాత్రి బాత్రూంలో నీళ్లు వదిలి ఏడ్చాను.

తర్వాత నా ముక్కు కొంచెం కొంచెంగా బాగుపడింది. కాఫీ వచ్చింది, ఇంగువ వచ్చింది, పాప నెత్తి మీద కొబ్బరినూనె వాసన వచ్చింది. ఆ ఆకు వాసన మళ్లీ రాలేదు. దెబ్బతిన్న నరం తప్పుడు కబురు సరిగ్గా ఆ నిమిషానికి, సరిగ్గా ఆ ముక్కు దగ్గర ఎలా పంపిందో డాక్టరమ్మ చెప్పలేదు. నేనూ చెప్పలేను. పిల్ల కల్పించి చెప్పిందనుకుందామన్నా, నాకు వాసన వచ్చిన సంగతి దాని ముందు నేను ఎత్తలేదు.

మొన్న స్కూలు నుంచి వచ్చి బ్యాగు పడేసి, కడుపు నొప్పి అంది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. దగ్గరికి తీసుకుని, ఈ సంగతి ముందు ఎవరికి చెప్పినావే అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఇప్పుడే కదా చెప్పినా, మీ ఇద్దరికీ" అంది.

నేను పక్కకు తిరిగి చూడలేదు. పిల్లను ఎత్తుకుని పొట్ట నిమిరాను. నా వంతుకు సగమే వచ్చింది. ఆ సగం మాత్రం ఎవరికీ ఇవ్వను.