ఘాటీలో ఆపేసిన ఇంజను

గంగరాజు కొరాపుట్ నుంచి రాయగడకి ప్రైవేటు బస్సు నడుపుతాడు. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి మునిసిపాలిటీలో చేరాడు. మనవడు ఒడియాలో తిడతాడు, తెలుగులో లెక్కలేస్తాడు. ఆ లెక్కల్ని కాలేజీలో చదివే కూతురు ప్రసన్నలక్ష్మి చెడగొట్టింది. లీటరు డీజిలు కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుందని అన్నం దగ్గర చెప్పింది.

“లీటరు డీజిలు కిలో కూడా తూగదే అమ్మి. మీ మాస్టారు తూకంలో రాయెట్టేడా?”

“డీజిల్లో బొగ్గు ఒక్కడే బస్సెక్కడు నాన్నా. గాల్లోంచి ఇద్దరు ఆక్సిజను సుట్టాల్ని ఎక్కించుకుంతాడు. బరువులో ఎక్కువ ఆల్లదే.”

బస్సు మనిషికి బస్సు లెక్క అర్థమైంది. చిక్కంతా అక్కడే వచ్చింది. రోజుకి యాభై లీటర్లంటే ఇద్దరు మనుషుల బరువు. ఏడాదికి తన బస్సులాంటివి నాలుగు. రంగూ వాసనా లేకుండా ఆకాశంలో తిరిగే నాలుగు బస్సులు. పర్యావరణ దినాన మొక్క నాటి ఫోటో దిగే పెద్దలకి ఇలాంటివి తల్లోకి రావు. గంగరాజు తల్లోంచి పోలేదు.

అందుకని ఘాటీలో, అంటే కొండదారిలో, దిగేటప్పుడు న్యూట్రల్ చేసి ఇంజను ఆపేయడం మొదలుపెట్టాడు. పాత డ్రైవర్లు డీజిలు మిగలడానికి చేసే పని ఇది. ఆయన పొగ తగ్గడానికి చేశాడు.

ఆ శనివారం కూతురు ఇంజను పక్కన కూర్చుంది, రాయగడలో అత్త ఇంటికి వెళ్లాలని. కకిరిగుమ్మ ఊరు దాటాక వాలు రాగానే, చూడమన్నట్టు ఆమెకేసి తల తిప్పి, తాళం తిప్పి ఇంజను కట్టేశాడు. టైర్ల చప్పుడు మాత్రం మిగిలింది.

వంపులో పశువులు అడ్డం వచ్చాయి. బ్రేకు తొక్కాడు. మళ్లీ తొక్కాడు. ఆ బ్రేకుల్ని పట్టేది గాలి, ఆ గాలిని నింపేది ఇంజను. గాలి మీటరు ముల్లు ఎర్రగీత కిందకి జారింది, బజరు మోగింది. పశువులు ఎలాగో తప్పుకున్నాయి గాని ఇంజను సాయం లేక స్టీరింగు బండరాయిలా బిగుసుకుంది. కుడివైపు లోయ.

వెనక నుంచి కూరగాయలమ్మే తవిటమ్మ గొంతు వినిపించింది: “ఏటి గంగరాజూ, నేను టికెట్టు రాయగడకి కొన్నాను. లోయలోకి కాదు.”

ఎవరూ నవ్వలేదు. గంగరాజు తాళం తిప్పి గేరు వేయబోయాడు. గేరు పళ్లు కరకరలాడాయి, పడలేదు. కూతురు కడ్డీ పట్టుకుని ఆయన చేతికేసే చూస్తోంది. క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి, గట్టిగా నెట్టాడు. పడింది. ఇంజను అరిచి బస్సు వేగాన్ని వెనక్కి లాగింది. ఎడమ చక్రాలు కొండవైపు కాలువలోకి దించాడు. రాళ్లు రాసుకుంటూ బస్సు ఆగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తరవాత షెడ్డులో తెలిసిందేమంటే, వాలులో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనుకి పంపు డీజిలు పోయనే పోయదట. అంటే ఊరికే మిగిలేదాని కోసం బస్సెడు మనుషుల్ని, కన్నకూతుర్ని పందెం ఒడ్డాడు.

ఆ రోజు కాలువలోంచి బస్సును పైకి తెచ్చాక గంగరాజు మిగతా వాలంతా రెండో గేరులోనే దింపాడు. ఇంజను హోరెత్తుతోంది. కూతురికేసి తల తిప్పి అడిగాడు.

“ఇప్పుడెంత పొగొత్తందే?”

“లెక్కెట్టను,” అంది ప్రసన్నలక్ష్మి. “రోడ్డు సూడు నాన్నా.”