తడి ఆరని చెంప

నిన్న గోడలకు రంగు వేయడానికి వచ్చినవాళ్ళు బీరువా జరిపితే, దాని వెనక ఎన్నో ఏళ్ళుగా గోడకు ఆనించి ఉన్న ఆయిల్ పెయింటింగ్ ఒకటి బయటపడింది. దుమ్ము తుడిచి కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాను. కనురెప్పల వెంట్రుకలతో సహా అన్నీ ఉన్నాయి గానీ, మా అక్క కూతురు మాత్రం అందులో లేదు.

అప్పట్లో నేను చిత్తూరులో లెక్కల టీచరుని. బావకు గూడూరు బదిలీ అయి, పుట్టినప్పటి నుంచి మా అమ్మ చేతుల్లోనే పెరిగిన పాపను వేసవి సెలవుల తర్వాత తీసుకుపోతామని అక్క అన్నప్పుడు, బిడ్డ ముఖం ఒక్కటైనా ఇంట్లో ఉండిపోవాలని అమ్మ కోరింది. ఫోటో ఉంది కదా అంటే, అందులో బిడ్డ బిగుసుకుపోయి ఉందని ఒప్పుకోలేదు. అందుకని ఆ సెలవుల్లో మా బడి డ్రాయింగు మేడం దగ్గర ఆయిల్ రంగులు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆమె పద్ధతి నాకు ఓ పట్టాన మింగుడుపడలేదు. ముఖానికంతా ఒకే రంగు కలిపి పూయకూడదట; నీడలో కాస్త నీలం, వెలుగులో పసుపు, చెవి దగ్గర ఎరుపు, దేనికది పక్కపక్కన పెట్టి వదిలేస్తే, దూరం నుంచి చూసే కన్నే వాటిని కలుపుకుంటుందట. నేనేమో ముక్కుకూ పెదవికీ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, వేసిన ప్రతిదాన్నీ రుద్ది సరిచేసేదాన్ని. "ఏమ్మా, ఇది మొగమా, పరీక్ష పేపరా? కండ్లు సగం మూసి సూడు. రంగు పెట్టినాక చెయ్యి ఎత్తెయ్," అని నవ్వేది.

పాప ప్రయాణం దగ్గరపడ్డాక ఒక పొద్దున, అది వరండా మెట్టు మీద కూర్చుని మామిడి టెంక చీకుతుంటే చెంప మీద ఎండ పడింది. మేడం చెప్పినట్టే కళ్ళు సగం మూసి చూశాను. ఆ పూట ఎందుకో చెయ్యి ఆగవలసిన చోట తనంతట తానే ఆగింది. బుగ్గ వెచ్చగా, ముట్టుకుంటే మెత్తగా తగిలేటట్టు వచ్చింది.

నేను స్నానం చేసి వచ్చేసరికి బొమ్మలో ఆ తడి చెంప మీద వేలికొనంత నల్ల మచ్చ ఉంది. పాపకు రోజూ పెట్టినట్టే అమ్మ బొమ్మకూ కాటుకతో దిష్టిచుక్క పెట్టింది. ఆరకముందే ఎందుకు ముట్టుకున్నావని కసిరితే, "నా కన్నే తగిలేట్టుండాది, అందుకే పెట్టినా," అన్నది.

అంతకంటే పెద్ద మెప్పు అమ్మ నోట నేనెన్నడూ వినలేదు, కానీ ఆ పూట అది నా చెవికెక్కలేదు. గుడ్డతో చుక్క తుడిచాను. కాటుక తడి రంగులన్నిటికీ పాకి బుగ్గ బూడిదలా మారింది. బుగ్గ సరిచేసి, దానికి తగ్గట్టు ముక్కు, ముక్కుకు తగ్గట్టు కళ్ళు దిద్దుకుంటూ పోయాను. పాప వెళ్ళిపోయాక కూడా, ఆ బిగుసుకుపోయిన ఫోటోనే పక్కన పెట్టుకుని దిద్దాను.

పూర్తయిందని చూపిస్తే అమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరగా చూసింది. "అంతా సరిగ్గానే ఉండాది. ఆ పొద్దు ఉండిన బిడ్డ యాడికి పోయిందే?" అని అడిగింది. గోడకు తగిలించమని అనలేదు.

ఇప్పుడు ఏ పిల్ల ముఖమైనా ఫోనులో వెంట్రుక తేడా లేకుండా వస్తుంది. నేను అంత పాటుపడి సాధించాలనుకున్న ఖచ్చితత్వం అందరికీ క్షణంలో దొరుకుతోంది. దిద్దింది నచ్చకపోతే ముందటిది అక్కడే ఉంటుందట. మాకు ఆ వసతి లేదు, తుడిచామంటే తుడిచినట్టే. ఆ పొద్దుటి ముఖాన్ని చూసినవాళ్ళం అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ పోయాక నేనొక్కదాన్నే.