పరంజా పని

నాకు నోటి దురుసు ఎక్కువ. అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జనరల్ సైన్స్ చెబుతాను కాబట్టి ఆ దురుసుకు గిరాకీ కూడా ఉంది. పిల్లలు నవ్వుతారు, నవ్వింది గుర్తుపెట్టుకుంటారు. చిక్కడపల్లి నుంచి నడిచి వస్తూ ఈరోజు ఎవరినేమని ఆటపట్టించాలా అని దారిలోనే ఆలోచించుకునేదాన్ని. అలాంటి నాకు ఈ మధ్య ఒక్క పాఠం దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలడం లేదు.

కణం తన చెత్తను తానే ఏరి మళ్లీ వాడుకోవడం గురించిన పాఠమది. కణంలో ఏదైనా భాగం పాడైతే దాని మీద ఒక గుర్తు పడుతుంది. గుర్తు పడిన దాన్ని సంచీలాంటి పొర చుట్టేసి లైసోజోమ్‌కు అప్పగిస్తుంది. అక్కడ అది ముక్కలవుతుంది, ఆ ముక్కలతో కణం కొత్తవి కట్టుకుంటుంది. అయితే గుర్తు పడగానే పని జరిగిపోదు. పాడైన దాన్నీ, సంచీ అల్లే సరంజామానూ ఒక్కచోటికి చేర్చాలి. అది స్కాఫోల్డ్ ప్రొటీన్ల పని. మేస్త్రీలు నిలబడటానికి గోడ పక్కన కట్టే పరంజా పేరే వాటికి పెట్టారు. "అది గుర్తు పెట్టదు, మింగదు. ఊకె రెండింటిని కలుపుతది. సంబంధాలు కుదిర్చే మేనత్త లెక్క" అని నేను అనగానే క్లాసంతా గొల్లుమనేది.

మా సెంటర్‌లో ఒకమ్మాయి ఉండేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, హాస్టల్‌లో ఉంటూ గ్రూప్స్‌కు చదివేది. ప్రిలిమ్స్ ప్రతిసారీ దాటేది, మెయిన్స్‌లో వెంట్రుకవాసిలో తప్పేది. ఆమె క్లాసులు ఎప్పుడో అయిపోయాయి. కానీ మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది: పాత బ్యాచ్ వాళ్లు కొత్తవాళ్ల డౌట్లు తీరుస్తూ ఉంటే, రీడింగ్ రూమ్‌లో వాళ్ల కుర్చీ వాళ్లకే ఉంటుంది. కిటికీ పక్క కుర్చీ ఆమెది. ఆమె లేనప్పుడు కూడా దాంట్లో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. పిల్లలంతా ఆమెను అక్కా అనేవాళ్లు, నా పాఠంలో అర్థం కానిది నన్ను అడగకుండా ఆమె చుట్టూ మూగేవాళ్లు. నాకు లోపల మంటగానే ఉండేది, దాచడమెందుకు?

మొన్న మెయిన్స్ దగ్గర పడుతున్న రోజుల్లో సెంటర్ నడిపే సార్ నన్ను పిలిచారు. నారాయణగూడలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు.

"ఆ పిల్ల ఎన్నేండ్లని గట్లనే కూసుంటది మేడం? అడ్మిషన్ల కౌంటర్ల పెట్టుకుందాం. మంచిగ మాట్లాడ్తది, ఊర్లల్ల పిల్లలకు ఫోన్లు చేస్తది. నేను చెప్తే పరేషాన్ అయితది. మీరు జర తీసుకరాండ్రి, మీ మాట వింటది" అన్నారు.

పరీక్ష అయ్యేదాకా ఆగుదాం సార్ అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? అనలేదు. ఆ కిటికీ పక్క గుంపు చెదిరిపోతుంది కదా అని మనసులో ఒక మూల మెదిలింది. ఛీ, నా వయసుకూ నా చదువుకూ అది సిగ్గుచేటు.

టీ కొట్టు దగ్గర ఆమెతో మాట్లాడాను. కణంలో ఏదీ వృథా పోదు, నీ అనుభవం కూడా అంతే అన్నాను. ఎంత తియ్యగా చెప్పానో!

"అంటే ఇగ నాతోని కాదంటరా మేడం?"

"అట్ల ఎందుకంట? ఒక్కసారి సార్‌ను కలువు, గంతే."

"మీరు కలువుమంటే కలుస్త."

సార్ గది దాకా నేనే తీసుకెళ్లి, ఆమె లోపలికి వెళ్లాక తలుపు కూడా నేనే మూశాను. సాయంత్రాలు చదువుకోవచ్చని సార్ చెప్పారట, ఆమె కౌంటర్‌లో చేరింది. ఊళ్లలో పిల్లలు ఫోన్లు ఎత్తేదే సాయంత్రం పూట. మెయిన్స్ మొదలైన రోజు నేను నారాయణగూడకు క్లాసుకు వెళ్తే, ఆమె కౌంటర్‌లోనే ఉంది.

"పోలేదా?" అన్నాను.

"చదవకుంట పోయి ఏం రాయాలె మేడం" అని, ఎండన పడి వచ్చానని గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. తాగాను.

అప్పటి నుంచి ఆ పాఠంలో మేనత్త మాట ఎత్తడం లేదు. కణం ఏదిపడితే అది సంచీలో వేయదు, పాడైన దాన్నే ఏరుకుంటుంది. ఆ పిల్లలో ఏం పాడైందని? బుర్ర పాదరసం. మాకు కావలసింది ఆమె కుర్చీ, ఆమె గొంతు. ప్రొటీన్‌కు పాపం మనసు లేదు, తాను ఎవరిని ఎవరికి అప్పగిస్తోందో దానికి తెలియదు. నాకు అన్నీ తెలుసు.

పోయిన వారం ఆమె ఇంకో అమ్మాయిని చెయ్యి పట్టుకుని అశోక్ నగర్‌కు తీసుకొచ్చింది. మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"మేడం, ఈమె మా హాస్టలే. మన రీడింగ్ రూమ్లనే మస్తు రోజుల సంది చదువుతుంది, అయితలేదు. బ్రాంచిల ఇంకొకరు కావాల్నంటున్నరు సార్. నేను చెప్తే వింటలేదు. మీరు జర చెప్పుండ్రి."

ఆ పిల్ల పుస్తకాన్ని గుండెలకు అదుముకుని నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నీకు పరీక్ష రాయాల్నని ఉందా?" అని అడిగాను. ఉందన్నట్టు తల ఊపింది.

"అయితే ఎవ్వరు చెప్పినా వినకు, నేను చెప్పినా వినకు. పోయి నీ కుర్చీల కూసొని చదువుకో. సార్‌తోని నేను మాట్లాడ్త."

ఆ పిల్ల గబగబా మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. హమ్మయ్య, ఒక్కదాన్నైనా కాపాడాను అనుకుంటూ ఇటు తిరిగాను. తీసుకొచ్చిన ఈమె మాత్రం అక్కడే నిలబడి నన్నే చూస్తోంది. కోపం లేదు, ఏడుపు లేదు. క్లాసులో డౌటు అడిగినట్టే అడిగింది.

"గీ మాట నాకెందుకు చెప్పలే మేడం?"