గీకని చోట

మేడమీద ఉండి మా రేడియో క్లబ్బు మాటల్ని దూరాలకు మోసే రిపీటర్ గరగరమంటే క్లబ్బు వాళ్ళు పిలిచేది ఎర్త్ బాబాయినే. ఆయన మోకాళ్ళు పట్టుకుని నాలుగంతస్తులెక్కి, జేబులోంచి గరుకు కాగితం తీసి, అందర్నీ ఒకటే తిట్టు తిడతాడు: "రంగు మీద క్లాంపు బిగిస్తే ఎర్త్ ఎలా అందుతుందిరా? గీకి ఏడవండి!"

ఈసారి గరగర మొదలయ్యేసరికి తుఫాను ముంచుకొస్తోంది. ఫోన్లు మూగబోతే ఊరికి ఆ రిపీటరే దిక్కు. ఎర్త్ లేకుండా పిడుగు పడిందా, అది బూడిదే. బాబాయి మూడు రోజులు వైర్లన్నీ విప్పి, ఎదురుపడిన వాళ్ళనల్లా దులిపేశాడు. చివరికి యాంటెన్నా స్తంభం అడుగున ఎర్త్ తీగను పట్టి ఉంచే క్లాంపు ఊడదీస్తే, కింద ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది.

"ఏ వెధవ పనిది?"

"మీదే బాబాయ్. పోయిన నెల రంగేసిందీ, బిగించిందీ మీరే," అంది క్లబ్బు కార్యదర్శి.

ఆయన ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, క్లాంపు బిగించాడు. గరగర ఆగింది.

"చూశావా అమ్మాయ్," అన్నాడు చేతులు దులుపుకుంటూ, "గీకమని నేను మొత్తుకునేది ఇందుకే!"