ఆరు తర్వాతి గొర్రె

నేను ఆదోని పత్తి మండీలో తూకాల లెక్కలు చూసేవాణ్ణి. అంకెలు కుదురుగా రాస్తానని, మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు నన్ను గొర్రెల నెత్తురు పరీక్షలకు వెంట తీసుకుపోయేవాడు. నెలలు నిండకుండానే గొర్రెలు ఈచుకుపోయే అంటురోగం ఏ మందల్లో ఉందో తేల్చాలి.

ఎమ్మిగనూరు దారిలో ఒక అవ్వకు ఇరవై గొర్రెలుండేవి, అన్నీ చూలువి. పుట్టబోయే పిల్లల మీదే ఆమె ఏడాది బతుకు. అవ్వ ఒక్కొక్కదాన్నీ పట్టుకొచ్చి అంకె చెప్పేది. డాక్టరు మెడ నరంలోంచి నెత్తురు తీసి ఆ అంకె నాకు అందిస్తే, నేను సీసా మీద రాసేవాణ్ణి. మందంతా అరుస్తుండగా ఆయన "అరవై ఒకటి" అన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని. రాశాను.

మర్నాడు ఒక్క సీసాలోనే రోగం తేలింది. దాని మీద 61 అని ఉంది. ఇద్దరం మళ్ళీ అవ్వ దగ్గరికి పోయాం.

"తక్కిన నలభై ఒక్క గొర్రెల్ని ఎక్కడ దాచావు అవ్వా?" అన్నాడు డాక్టరు.

"అన్ని గొర్రెలుంటే ఈ సినిగిన కోక కట్టుకుంటానా అప్పా?"

నేను సీసాల అంకెలన్నీ కూడి చూశాను. ఒకటి నుంచి ఇరవై దాకా కూడితే 210 రావలసింది, 264 వచ్చింది. యాభై నాలుగు ఎక్కువ. అరవై ఒకటిలోంచి అది తీసేస్తే మిగిలేది ఏడు.

"ఏడోది ఏది అవ్వా?"

"మంద కాడ ఆ మాట అంటారా? ఏడుపును పిలిసినట్టు. ఆరున్నొకటి అను."

ధాన్యం కొలిచేవాళ్ళు అలా అంటారని నాకు తెలుసు. గొర్రెలకు కూడా ఆ మర్యాద ఉందని తట్టలేదు.

ఆరున్నొకటి అంటే తెల్ల మొగం గొర్రె. దాన్ని వేరుగా కట్టేయకపోతే తక్కినవీ ఈచుకుపోతాయని డాక్టరు చెప్పాడు. అవ్వ దాని పక్కనున్న గొర్రెను చూసింది.

"దీన్ని తీసేస్తే ఇంగోటి ఆరున్నొకటి అయితాది గదా. దాన్నీ కట్టేయల్లనా?"

డాక్టరు నా వైపు చూశాడు. నేను నోట్లో లెక్క వేస్తున్నట్టు నటించాను. మా వల్ల కాదని అవ్వకు అర్థమైంది. తెల్ల మొగందాన్ని చెట్టుకు కట్టేసి, తక్కిన పంతొమ్మిదింటినీ తానే లెక్కపెట్టుకుంది.

"...అయిదు, ఆరు, ఎనిమిది..."

చివరి గొర్రె దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా ఇరవై అయ్యాయి. ఒక్కటీ తగ్గలేదని అవ్వ సంతోషంగా మందను తోలుకుపోయింది.