తలుపు మాట చివర రాసినందుకు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మరీ మంచిదై మా చెల్లెలి చెయ్యి విరిగింది. ఒక్క కార్డుముక్కతో కార్ల ఏజెంటుకు బేరాలు, సొంత తోబుట్టువుకు అవిటితనం సంపాదించిపెట్టిన ఘనురాలిని నేను. నవ్వుకోండి. సగం దాకా నవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు.

కర్నూలు రాజధానిగా ఉండి, కచేరీలు గుడారాల్లో నడుస్తున్న రోజులు. అక్కడ ఒక ఏజెంటు దగ్గర మా ఆయన చిన్న కారు కొన్నారు. ఎంత చిన్నదంటే, మా ఆవు దాన్ని చూసి దూడ అనుకుని నాకబోయింది. దాని తలుపులకు బందులు వెనకవైపు, గొళ్లెం ముందువైపు. బండి కాస్త జోరందుకుంటే గొళ్లెం జారేది, గాలికి తలుపు గద్ద రెక్కలా విచ్చుకునేది. కాళ్లకింద రేకులో అరచేయంత బొక్క. అందులోంచి రోడ్డు కనబడేది. దానికీ నేను దేవుడికి దండం పెట్టుకున్నాను, రోడ్డు మీదే పోతున్నామని తెలుస్తోంది కదా అని! గొళ్లానికి కావలసింది మరమ్మతు. మేం దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టాం.

ఆ బండిలోనే మంత్రాలయం బయల్దేరాం. ఎమ్మిగనూరు ఇంకా రాకముందే ఒక మలుపులో తలుపు విచ్చుకుంది. వెనక సీట్లో జపం చేసుకుంటున్న మా అత్తగారు మాయం! బండి ఆపి పరుగెత్తితే, రోడ్డు పక్కన వేసిన వేరుశనగ కట్టె వామిలో జపమాలతో సహా కూర్చుని ఉన్నారు.

"అమ్మా, దెబ్బ తగిలిందా?" అన్నారు మా ఆయన.

"దెబ్బ యాడిదప్పా? మంత్రాలయం వచ్చేసినామా? ఈడ శానా మెత్తగా ఉండాదే! దించేముందు ఒక మాట చెప్పకూడదా?"

ఆ వామి లేకపోతే ఆమె లేదు. నేను అక్కడే నేలమీద సాగిలపడి స్వామికి మొక్కాను. మంత్రాలయంలో దర్శనం చేసుకుని ఇంటికొచ్చాక మా ఆయన కార్డు నా ముందు పడేశారు.

"ఏజెంటుకు నువ్వే రాయి. నేను రాస్తే బూతులొస్తాయి. తలుపు ఊడతాండాది, ముసలామె చచ్చింటే పాపం ఎవరిదని అడుగు."

"శుక్రవారం పూట చావు మాట రాయమంటారా?"

"అయితే శనివారం రాయి! కానీ గట్టిగా రాయి!"

ఇక్కడే ఉంది నా చదువు గొప్పతనం. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక పట్టించి ఉత్తరం రాయడం నేర్పారు. పైన శ్రీరామ, తర్వాత క్షేమం, తర్వాత ఎదుటివాళ్లకు కృతజ్ఞత, అడగవలసింది ఏమైనా ఉంటే అన్నిటికన్నా చివర. క్షేమం లేకుండా మొదలయ్యే కార్డు మా వైపు చావు కబురు. దాన్ని గడప దాటించకుండా చదివి అక్కడే చించేస్తారు. అందుకని కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి ఇలా రాశాను:

"శ్రీరామ. మేమంతా క్షేమం. మీ కారులో మంత్రాలయం పోయి స్వామిని చూసి తరించాము. దారిలో తలుపు తెరుచుకుని మా అత్తగారు జారినారు. ఆమెకు గీత కూడా పడలేదు. అంతా స్వామి దయ, మీ కారు చలువ. మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి."

సంతకం చేశాక, అడుగున మిగిలిన చీమ పట్టేంత జాగాలో, "తలుపు సంగతి వీలువెంబడి చూడగలరు."

"గట్టిగా రాసినావా?"

"శానా గట్టిగా. పాళీ కూడా వంగింది."

రెండు నెలలకు జమ్మలమడుగు సంతలో ఏజెంటు మనుషులు పంచుతుంటే ఒక కరపత్రం మా ఆయన చేతికొచ్చింది. అందులో నా పేరు, ఊరు, కింద నా మాటలు! "మీ కారులో మంత్రాలయం పోయి స్వామిని చూసి తరించాము. మా అత్తగారికి గీత కూడా పడలేదు. అంతా స్వామి దయ, మీ కారు చలువ." జారిన ముక్క లేదు. తలుపు ముక్క లేదు.

"వాడిమీద ఫిర్యాదు రాయమంటే హారతి పట్టినావా తల్లీ!" అని తల కొట్టుకున్నారు ఆయన.

నేనూ చెంపలు వేసుకున్నాను. కానీ మీ దగ్గర దాపరికం ఎందుకు? అచ్చులో నా పేరు చూసుకోవడం అదే మొదలు. ఆ కాగితం చించలేదు. దేవుడి గూట్లో పటం వెనక దాచుకున్నాను.

ఆ తర్వాత రాజంపేట నుంచి చెల్లెలు రంగమ్మ రాసింది. "అక్కా, నీ మాట అచ్చులో చూసి మేమూ అదే కారు తీసుకున్నాం." చదివిన వెంటనే రాయాల్సింది ఒకటే ముక్క: తలుపుకు తాడు కట్టుకోండి. రాస్తే అచ్చులో ఉన్న నా మాట అబద్ధమవుతుంది. "శుభం, దేవుడి దయ" అని రాశాను.

రంగమ్మ జారిన చోట వామి లేదు. కంకర ఉంది. కుడి భుజం విరిగింది. అతికింది గానీ చెయ్యి చెవి దాకా కూడా లేవదు.

మా ఇంటికొచ్చి, దువ్వెన నాకిచ్చి వెనక్కి తిరిగి కూర్చుంది. "జడ వెయ్యక్కా. ఇంకేం చేస్తాం, అంతా మీ కారు చలువ" అంది నవ్వుతూ. ఆ నవ్వు మాత్రం మీరు నవ్వకండి.

ఆ రోజే ఏజెంటుకు మళ్లీ రాయబోయాను.

"క్షేమం రాస్తే నా మీద ఒట్టే! నేను చెప్పింది చెప్పినట్టు రాయి" అంది రంగమ్మ. అక్షరం మార్చకుండా రాశాను. జవాబుగా నా కరపత్రమే వచ్చింది, మార్జిన్‌లో ఒక వాక్యంతో: "మీ రెండు ఉత్తరాల్లో ఏది నమ్మమంటారు?"

కరపత్రాలు రెండూ పొయ్యిలో పెట్టి, తులసికోట మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట నా ఉత్తరంలో తప్పు మొదటి వరసలో, దండం ఆఖరి వరసలో. చావు కబురనుకుని గడపలోనే చించినా సరే, చదివాకే కదా చించేది.

దేవుడి దగ్గరా అదే వరస. పొద్దున చెల్లెలికి జడ వేసి వచ్చి, "స్వామీ, దాని చెయ్యి లేవడం లేదు" అని మొదలుపెట్టి, ఆ తర్వాతే దండం పెట్టాను. ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. ఏజెంటుకన్నా ఆయన నయం, నా మాటలో సగం కత్తిరించి ఊరంతా పంచలేదు.